కొరియా క్రీములూ మన ముఖాలూ
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి మహాసభలో మేము రక్తహీనత గురించో, పిల్లల బరువు గురించో నాలుగు మాటలు చెప్పి కూర్చుంటాం. ఈసారి ముఖానికి రాసుకునే కొరియా క్రీముల గురించి చెప్తామంటే ఆఫీసులో కొందరు నవ్వారు. "అప్పులు, వడ్డీలు మాట్లాడే చోట సోకుల గొడవ ఏంటక్కా" అన్నారు. కానీ ఈ ఏడాది కొన్ని సంఘాల అంతర్గత అప్పుల పుస్తకాలు తిరగేస్తే, "ఇతర అవసరాలు" అని రాసిన చోట అడిగి చూడండి, అందులో కొన్ని ఈ డబ్బాలకే పోయాయి. డబ్బుతో పాటు ఒక చెల్లెలి ముఖం కూడా పాడైంది. అందుకే మాట్లాడుతున్నాం.

ముందు మా తప్పు మేమే చెప్పుకుంటాం. పోయిన వేసవికి ముందు మాలో ఒకరు ఒక చిన్న డబ్బా తెచ్చారు. మూత మీద కొరియా అక్షరాలు, మెరిసే అమ్మాయి బొమ్మ. ఫోన్లో పరిచయమైన ఒకామె ఇంటికే పంపిస్తుందట, పదిహేను రోజుల్లో మంగు పోతుందట. మీటింగ్ అయ్యాక అందరం చేతులు మార్చుకుని వాసన చూశాం. అక్కడికక్కడే పన్నెండు డబ్బాలకు పేర్లు రాసుకున్నాం. ఉపసంఘం సభ్యులమే రాసుకుంటే మిగతా వాళ్లు ఎందుకు ఆగుతారు?

ఆ పన్నెండు మందిలో ఒక చెల్లెలు మిరప కోతలకు వెళ్తుంది. రెండో కాన్పు తర్వాత రెండు బుగ్గల మీదా మంగు పడింది. క్రీము రాసిన పది రోజులకే ముఖం తెల్లబడింది. అందరం మెచ్చుకున్నాం. రెండు నెలలు గడిచేసరికి ఎండలోకి వస్తే మంట, చెంపల మీద ఎర్రటి నరాలు, గడ్డం దగ్గర సన్నటి వెంట్రుకలు. మానేస్తే ఇంకా మండుతుంది, రాస్తే తగ్గినట్టు ఉంటుంది. చర్మ డాక్టరు చూడగానే అడిగిన మొదటి మాట, "ఏం రాస్తున్నావమ్మా?" అని. స్టెరాయిడ్ కలిపిన క్రీములు చేసే పని ఇదేనని చెప్పారు. ఒక్కసారిగా మాన్పించకుండా మందులు రాసి మెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు. మంగు మాత్రం ముందుకంటే ముదిరింది.

ఆ డబ్బాను మేము తర్వాత తీరిగ్గా చూశాం. ఏమేం కలిపారో లేదు. దిగుమతి చేసినవాళ్ల పేరూ అడ్రసూ లేవు. తయారైన తేదీ లేదు. కొరియా అక్షరాలున్నంత మాత్రాన అది కొరియాది కాదు. ఆ దేశంలో 2008 నుంచి కాస్మెటిక్స్ మీద కలిపినవన్నీ అచ్చు వేయాలన్న నిబంధన ఉంది. మన దేశంలో 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం బయటి నుంచి తెచ్చిన సరుకు మీద రిజిస్ట్రేషన్ నంబరు, ఆ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ల పేరు, అడ్రసు ఉండాలి. ఇవి లేని డబ్బా ఎంత అందంగా ఉన్నా ముట్టుకోవద్దు. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఈ మూడు పేర్లు ఇంట్లో చదువుకునే పిల్లలతో నోటుబుక్కులో రాయించుకోండి. ఇవన్నీ స్టెరాయిడ్లు. డాక్టరు చీటీ ఉంటేనే వాడాలి. కొన్ని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం కూడా కలుపుతారు, అది కిడ్నీలను దెబ్బతీస్తుంది. తామర మీద స్టెరాయిడ్ రాస్తే దురద ఆగి, తామర మాత్రం లోపల్లోపల పాకుతుంది. ఇదీ మన ఊళ్లలో చూస్తున్నదే.

అలాగని కొరియా సరుకంతా మోసం అనడం లేదు. మన పిల్లలు హైదరాబాద్ హాస్టళ్లలో ఉండి కొరియా సీరియళ్లు చూసి అడుగుతుంటే, వద్దు అని ఊరుకుంటే వాళ్లు వినరు. అక్కడ చట్టం ఒక మంచి పని చేసింది. మచ్చలు తగ్గిస్తుంది, ముడతలు తగ్గిస్తుంది, ఎండను ఆపుతుంది అని చెప్పుకునే వాటిని మామూలు క్రీముల నుంచి వేరుచేసి, ప్రభుత్వ పరిశీలన పెట్టింది. 2017లో జుట్టు రాలడాన్ని నెమ్మదింపజేసే షాంపూల వంటివీ ఆ లెక్కలోకి వచ్చాయి. మచ్చలకైతే నయాసినమైడ్ 2 నుంచి 5 శాతం, ముడతలకైతే అడెనోసిన్ 0.04 శాతం. ఇలా అక్కడ లెక్కలున్నాయి. కాబట్టి బొమ్మ చూసి కాదు, పేరు చూసి కొనాలి. మచ్చల క్రీమును అక్కడ "మిబెక్" అంటారు. అందమైన తెలుపు అని అర్థమట. ఆ మాట మాకు నచ్చలేదు. నలుపు జబ్బు కాదు. మంగు తగ్గించుకోవడం వేరు, పుట్టిన రంగు మార్చుకోవాలనుకోవడం వేరు.

ఇప్పుడు మంగు సంగతి, ఎక్కువ మంది అడిగేది ఇదే. కాన్పులు, గర్భనిరోధక మాత్రలు, వంశం దానికి కారణాలు. వాటన్నిటికీ తోడు ఎండ. ఎండను ఆపకుండా ఏ సీరం రాసినా చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. కొరియా సన్‌స్క్రీన్లు పల్చగా జిగురు లేకుండా ఉంటాయి, పిల్లలు ఇష్టపడేది అందుకే. ఎస్‌పీఎఫ్ 50, పక్కన పీఏ అని రాసి మూడు నాలుగు ప్లస్ గుర్తులు ఉంటే మంచిది. మంగుకైతే ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ ఇంకా మేలు, ఎందుకంటే కంటికి కనిపించే వెలుతురు కూడా మంగును పెంచుతుంది. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవున తీసుకోవాలి. అలా రోజుకొకసారి రాసినా 50 మిల్లీలీటర్ల ట్యూబు నెలా నెలన్నరలో అయిపోతుంది. చెమట పట్టే పనిలో మళ్లీ మళ్లీ రాయాలి, అప్పుడు ఇంకా తొందరగా అయిపోతుంది. వెయ్యి రూపాయలు దాటే ట్యూబు అయితే ఎన్ని కూలి రోజులో మీరే లెక్కేసుకోండి. అవే గుణాలున్న మన దేశపు సన్‌స్క్రీన్లు అంతకంటే తక్కువకు దొరుకుతాయి. పొలంలో ఉన్నప్పుడు తలగుడ్డ, దాని మీద వెడల్పు టోపీ. దీనికి ఖర్చు లేదు, పనిచేస్తుంది కూడా.

ఎండను ఆపాక నయాసినమైడ్, ట్రానెగ్జామిక్ యాసిడ్, అజెలాయిక్ యాసిడ్, వీటిలో ఒకటి చాలు. రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. పదిహేను రోజుల్లో తెల్లబరుస్తామన్నవాళ్లను అక్కడే అనుమానించాలి. కడుపుతో ఉన్నవాళ్లు, కాన్పు కోసం చూస్తున్నవాళ్లు రెటినాల్ అని రాసింది ముట్టుకోకూడదు.

మొటిమలకు సాలిసిలిక్ యాసిడ్ ఉన్న ఫేస్‌వాష్, పల్చటి జెల్ చాలు. కొరియాలో చలికాలం చర్మం పగిలేంత చలి. అక్కడి వాళ్లు టోనరు, ఎసెన్స్, సీరం, క్రీము అని ఒకదాని మీద ఒకటి రాస్తారు. రెంటచింతల ఎండల్లో అలా రాస్తే ముఖం ఉడికిపోతుంది. పొడి చర్మం, కాళ్ల పగుళ్లు ఉన్నవాళ్లకు సిరామైడ్, గ్లిజరిన్ ఉన్నవి బాగుంటాయి, చేతులకు వాజిలీన్ కూడా తక్కువదేం కాదు.

మంటగా, ఎర్రగా ఉండే చర్మానికి కొరియావాళ్లు "సికా" అని ఎక్కువగా వాడతారు. అదేమిటని చూస్తే సెంటెల్లా, మన సరస్వతి ఆకే! కాలవ గట్ల మీద తడి ఉన్నచోట పాకే ఆకు. ఇది విని ఆకు నూరి ముఖానికి పట్టించకండి, డబ్బాలో ఉండేది తీసి శుద్ధి చేసిన సారం. ఇంకొకటి, "స్నెయిల్ మ్యూసిన్" అని ఉంటే అది నత్త జిగురు. మాంసం ముట్టని అక్కలు తెలియక రాసుకుని తర్వాత బాధపడ్డారు, అందుకే చెప్తున్నాం.

జుట్టు సంగతికి వద్దాం. చుండ్రు అంటే తల ఎండిపోవడం అనుకుని రాత్రంతా నూనె పెడతాం. చుండ్రుకు కారణమైన శిలీంధ్రం ఆ జిడ్డు తినే బతుకుతుంది. కీటోకోనజోల్ 2 శాతం షాంపూ వారానికి రెండుసార్లు, అయిదు నిమిషాలు నురగ ఉంచి కడగడం. ఇది మన మందుల షాపులోనే దొరుకుతుంది. కొరియా నుంచి వచ్చే స్కాల్ప్ స్కేలర్లు పొట్టును, జిడ్డును వదిలిస్తాయి గానీ మూలం మీద పనిచేయవు. మెంథాల్ కలిసిన టానిక్కులు చల్లగా ఉంటాయి. చల్లదనం వేరు, వైద్యం వేరు.

జుట్టు రాలడానికి మేము ఒకటే గట్టిగా చెప్తాం. షాంపూ కొనేముందు రక్తం చూపించుకోండి. కడుపుతో లేని ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనతే. థైరాయిడ్ ఉన్నా, టైఫాయిడ్ వంటి జ్వరం వచ్చి పోయినా, కాన్పు అయిన రెండు మూడు నెలలకూ జుట్టు గుప్పెళ్లు గుప్పెళ్లుగా రాలుతుంది. కాన్పు తర్వాత రాలేది ఏడాదిలోపు చాలామందికి తిరిగి వస్తుంది. ఈలోగా ఎవరు ఏ డబ్బా అమ్మినా ఆ గొప్పతనం డబ్బాకే పోతుంది. కొరియా షాంపూల మీద ఉండే డెక్స్‌పాంథెనాల్, బయోటిన్, జింక్ పైరిథియోన్ రాలడాన్ని కాస్త నెమ్మదింపజేస్తాయని మాత్రమే అక్కడి చట్టం ఒప్పుకుంది. కొత్త జుట్టు మొలిపిస్తాయని కాదు.

తేదీల గురించి ఒక చిన్న మాట. కొరియా డబ్బాల మీద ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు ఉంటాయి. పక్కన "జేజో" అంటే తయారైన రోజు, "కాజి" అంటే అప్పటివరకు వాడొచ్చని. ఫోను కెమెరాతో అనువాదం పెట్టి చూస్తే తెలిసిపోతుంది. తయారైన తేదీని చూసి గడువు అయిపోయిందని ఒక అక్క కొత్త ట్యూబును చెత్తలో వేసింది. మూత తెరిచిన బొమ్మలో 12ఎం అని ఉంటే తెరిచాక పన్నెండు నెలలు వాడొచ్చని. కొత్తది ఏదైనా మోచేతి లోపలి వైపు వారం రోజులు రాసి చూశాకే ముఖానికి. మిరప కోతల రోజుల్లో ఈ పరీక్ష పెట్టుకోకండి, ఆ మంట దేనిదో తేలదు.

చివరగా అమ్మకం విషయం. రెండు నెలల క్రితం ఒకాయన వచ్చి, సమాఖ్య ద్వారా కొరియా కిట్లు అమ్మితే కమిషన్ ఇస్తామన్నాడు. ముందు ఒక్కొక్కరు కిట్టు కొనాలి, తర్వాత ఇంకో అయిదుగురిని చేర్చాలి. రిజిస్ట్రేషన్ కాగితాలు అడిగితే రేపు తెస్తామన్నాడు, ఆ రేపు ఇంకా రాలేదు. కమిషన్ బాగుందని, మనమే ఒప్పుకోవాల్సిందని కొందరు లీడర్లు ఇప్పటికీ అంటున్నారు. వాళ్ల మాటలో అన్యాయం లేదు, మన ఆదాయం పెరగాలి. కానీ పక్కింటి అక్క మన మాట మీద నమ్మకంతో ముఖానికి రాసుకుంటుంది. కాగితాలు చూపించేదాకా వద్దని మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాశాం. ఈ సభ దాన్ని మార్చాలంటే మార్చొచ్చు, చర్చకు పెడుతున్నాం.

ఆ పన్నెండు డబ్బాల డబ్బు ఇంకా తిరిగి రాలేదు. అమ్మినామె నంబరు పనిచేయడం లేదు. డాక్టరు ఖర్చుల్లో సగం మేము ఉపసంఘం సభ్యులం చందా వేసుకుని కట్టాం. ఆ చెల్లెలు ఇవాళ మూడో వరుసలో కూర్చుంది. తన సంగతి చెప్పమని తనే అంది, పేరు మాత్రం వద్దంది. ఎరుపు చాలావరకు తగ్గింది. మంగు ఉంది. వచ్చే శనివారం ఉదయం పదింటికి మీ ఇళ్లలో ఉన్న క్రీములు, షాంపూలు, సగం వాడినవైనా సరే, సమాఖ్య ఆఫీసుకు తీసుకురండి. నర్సింగ్ చదివే మన పిల్లలిద్దరు కూర్చుని ఒక్కొక్కటీ చదివి చెప్తారు.