సగముపై నొక్క వోటు



నేటి నా ప్రసంగవిషయము జర్మనీ దేశపు ఫుట్‌బాల్ క్లబ్బుల స్వామ్యము. వ్యాకరణము బోధించి బ్రతికిన వృద్ధునకు బంతియాటతో నేమి పనియని మీరు నవ్వవచ్చును. శనివారములందు నేనును ఆ యాటలు చూచుచుందును. అచ్చట అపరాహ్ణము మూడున్నర గంటలకు మొదలగు నాట మనకు వేసవిలో రాత్రి ఏడింటికిని, శీతకాలమున ఎనిమిదింటికిని వచ్చును. కాని నన్ను పట్టి నిలిపినది గోలుల సంఖ్య గాదు. 'ఈ క్లబ్బు ఎవరిది?' యను చిన్న ప్రశ్న. షష్ఠీవిభక్తి కనబడినచోటనెల్ల సంబంధమేమియో విచారించుట మావంటివారి కలవాటు.

ఇంగ్లండులో ఈ ప్రశ్నకు సమాధానము సులభము. క్లబ్బొక కంపెనీ, వాటాలు కొన్నవాడు యజమాని. జర్మనీలో అట్లు గాదు. చిరకాలము అచ్చట క్లబ్బనగా రిజిస్టరైన సంఘము. చందా చెల్లించినవాడు సభ్యుడు. సభ్యునకు వోటు గలదు. 1962వ సంవత్సరము జూలై 28వ తేదీన డోర్ట్‌మండు నగరమున జరిగిన సభలో జాతీయలీగు స్థాపనకు నిర్ణయము జరిగెను. మరుసటియేడు 16 క్లబ్బులతో ఆటలారంభమయ్యెను, నేడవి 18. ఆ లీగు పేరు బుండెస్‌లీగా.

ఆటగాండ్ర వేతనములు పెరుగగా సంఘముల చందాలు చాలవయ్యెను. 1998లో సమాఖ్యవారు ఫుట్‌బాల్ శాఖను కంపెనీగా వేరుచేయుట కనుమతించిరి. అయితే ఒక షరతు పెట్టిరి: ఆ కంపెనీ వోట్లలో సగమును, దానిపై నొక్క వోటును మాతృసంఘము చేతిలోనే యుండవలెను. దీనినే '50+1 నియమ'మందురు. ధనికుడు ధనమెంతయైనను పెట్టవచ్చును. తుదిమాట మాత్రము సభ్యులది.

ధనమును వోటును వేరుచేయుటయే ఇందలి కిటుకు. డోర్ట్‌మండు క్లబ్బు వాటాలు 2000వ సంవత్సరమునుండి స్టాకుమార్కెటులో అమ్ముడుపోవుచున్నవి. కాని కంపెనీని నడపు అధికారము పూర్తిగా సంఘముచేతిలో నున్నది. మ్యూనిచ్ నగరపు బాయర్న్ క్లబ్బున మూడు గొప్ప వ్యాపారసంస్థలకు కలిపి నాలుగవ పాలు మాత్రమే గలదు. మిగిలిన ముప్పాతిక సంఘమునదే. మితాక్షర చదివినవారి కిది క్రొత్తగా తోచదు. అవిభక్తకుటుంబములో కర్త వ్యవహారము నడుపునే గాని ఉమ్మడిసొత్తును ఇచ్చవచ్చినట్లు అమ్మజాలడు. భాగము కోరు హక్కు మాత్రము క్లబ్బు సభ్యునకు లేదు. వీడిపోవునాడు వట్టిచేతులతో పోవలసినదే.

వట్టిచేతులతో పోవలసిన సొత్తుకొరకు మనుష్యులేమి చేయుదురు? బెర్లిను తూర్పుభాగమున యూనియన్ అను క్లబ్బున్నది. 2004లో లీగు అనుమతికి వలసిన సొమ్ము చేతలేక అది తల్లడిల్లెను. అప్పు డభిమానులు రక్తదానము చేసి, అందులకు వచ్చిన పారితోషికమును క్లబ్బున కర్పించిరి. 2008లో పాడుబడిన క్రీడాస్థలమును పునర్నిర్మింపవలసివచ్చెను. రెండువేలకు పైబడిన జనము, వారిలో కూలివారు, గుమాస్తాలు, పింఛనుదారులు, తమ చేతులతో కాంక్రీటు పోసి మెట్లు కట్టిరి. పనిచేసిన గంటలు లక్షానలువదివేలని లెక్క. 2019లో ఆ క్లబ్బు ప్రథమశ్రేణి కెక్కెను. పరాయివాని యిల్లని తలచిన నెవడును రాత్రిపగళ్లు సున్నము మోయడు.

ఇట్లని ఈ నియమము సర్వదోషహరమని నేననను. సభ్యుల అధికారముండియే డోర్ట్‌మండు క్లబ్బు దుబారాచేసి 2005లో దివాలా అంచుకు వచ్చెను. బాయర్న్ 2013 మొదలు 2023 వరకు వరుసగా పదునొకండు మారులు జయించెను. ఒకడే గెలుచు ఆట కొంతకాలమునకు విసుగు పుట్టించును. బయటి ధనము రానిచ్చినచో తక్కినవారును నిలుతురని ప్రతివాదులందురు. ఆ వరుసను 2024లో తెంచినది లెవర్‌కూజెన్. ఒక్క యాటయు నోడకుండ తెంచినది. ఆ క్లబ్బో, నియమమున కపవాదముగా బాయర్ కంపెనీ యధీనమున నున్నదే! ఇరువదియేండ్లు ఎడతెగక పోషించినవారి కట్టి మినహాయింపు దొరకుచువచ్చెను. వోల్ఫ్స్‌బుర్గు క్లబ్బు ఫోక్స్‌వాగన్ కంపెనీ కిట్లే చిక్కినది. హాఫెన్‌హైము క్లబ్బును పోషించిన డీట్మార్ హాప్ మాత్రము 2015లో పొందిన ఆధిక్యమును 2023లో తానై సంఘమునకు తిరిగి యిచ్చెను.

లైప్‌జిగ్ కథ వేరు. 2009లో ఒక పానీయముల కంపెనీ ఆ క్లబ్బును పుట్టించెను. కంపెనీ పేరు క్లబ్బునకు పెట్టరాదు గావున, అవే పొడియక్షరములు వచ్చునట్లు 'పచ్చికబంతియాట' యను నర్థమిచ్చు సమాసమొకటి కల్పించిరి. అట్టి సమాసమునకు నేను నూటికి సున్న వేసెదను. వోటు గల సభ్యులు కొలదిమందియే. అక్షరమున నియమము బ్రతికియున్నది, అర్థమున లేదు.

2023 డిసెంబరులో అసలు పరీక్ష వచ్చెను. ప్రసారహక్కుల కంపెనీలో నూటికి ఎనిమిదవంతు వరకు వాటాను ఇరువదియేండ్లకు ఒక మదుపుదారున కిచ్చి, సుమారు నూరుకోట్ల యూరోలు తెచ్చుకొనవలెనని లీగువారు తలచిరి. రెండు శ్రేణుల క్లబ్బులు 36. మూడింట రెండువంతులనగా 24 వోట్లు కావలెను. సరిగ్గా 24 వచ్చెను. హానోవర్ నగరపు సంఘము 'వలదని వోటువేయు'మని తన కంపెనీ ప్రతినిధి నాజ్ఞాపించియుండెను. వోటు రహస్యము. ఆయన యెట్లు వేసెనో చెప్పుటకు నిరాకరించెను.

అంతట అభిమానులు లేచిరి. ఆటల మొదటి పండ్రెండు నిమిషములు మౌనము పాటించిరి. తరువాత చాక్లెటు నాణెములు, టెన్నిస్ బంతులు మైదానమున కురిపించిరి. బెర్లినులో నొక యాట అరగంటకు పైగా నిలిచిపోయెను. తుదకు 2024 ఫిబ్రవరి 21న లీగువారు బేరము మానుకొనిరి.

2025 జూనులో జర్మనీ ప్రభుత్వపు వ్యాపారస్పర్ధాపరిరక్షణ కార్యాలయము తన ప్రాథమికాభిప్రాయము చెప్పెను: నియమము తప్పు గాదు, కాని అందరకు సమముగా వర్తింపవలెను, పాతమినహాయింపులు శాశ్వతముగా నుండరాదు, సంఘముల తలుపులు క్రొత్తసభ్యులకు తెరచియుండవలెను, లీగు తాను జరుపు వోటింగులందును ఆ నియమమును కాపాడవలెను. ఈ కడపటి మాట వ్రాయునప్పుడు వారి దృష్టియందున్నది ఆ డిసెంబరు వోటే.