కౌలు పత్రంలో లేని మనిషి

(క్యాతగానచెర్లు అధ్యయనానికి బయలుదేరే బృందం ముందు చేసిన ప్రసంగ పాఠం)



యూనియన్ తరఫున మనం కొద్దిమందిమి కర్ణాటకలోని తుమకూరు జిల్లా, పావగడ తాలూకా క్యాతగానచెర్లుకు వెళ్తున్నాం. ఆంధ్ర సరిహద్దు చాలా వరకు చుట్టుకుని ఉన్న ఆ తాలూకాలో తెలుగు ఇంటి భాష. మాట్లాడడం తేలికే. అయితే భాష తెలిసినంత మాత్రాన ఊరు తెలిసినట్టు కాదు.

ఎందుకు వెళ్తున్నాం? పొలం పనులు పోయిన ఊళ్ల నుంచి మనుషులు మిల్లు గేట్ల దగ్గరికి కాంట్రాక్టు పనికి వస్తారు. మన కూలి తగ్గించడానికే వచ్చారని వారిని కసురుకుంటే యాజమాన్యానికి అంతకన్నా కావలసిందేముంది? వారు ఏమి పోగొట్టుకుని వచ్చారో తెలిస్తేనే వారితో కలిసి నిలబడగలం.

ముందు కాగితాలు చదువుదాం. పావగడ కరువు సీమ. వాన మీద ఆధారపడిన వేరుశనగ, ఎండిన బోర్లు, ఫ్లోరైడు నీళ్లు. 2015లో ఏర్పడిన కర్ణాటక సోలార్ పవర్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ అక్కడ తిరుమణి, వళ్లూరు, బలసముద్రం, రాయచెర్లు, క్యాతగానచెర్లు గ్రామాల్లో సుమారు 13,000 ఎకరాలు సేకరించింది. భూమి కొనలేదు, రైతుల దగ్గర కౌలుకు తీసుకుంది. మొదటి రేటు ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. 2018 మార్చి 1న సోలార్ పార్కు ప్రారంభమైంది. 2019 చివరికి 2,050 మెగావాట్ల సామర్థ్యానికి చేరింది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేయండి. మొదటి రేటు ప్రకారం రెండెకరాల రైతుకు ఏడాదికి 42,000. ఇరవై ఎకరాల ఆసామికి 4,20,000. ఆ పొలాల్లో కలుపు తీసి, కాయ కోసిన కూలి మనిషికి? ఏమీ లేదు. కౌలు ఒప్పందం భూమి ఉన్నవారితోనే. పహణిలో పేరు లేనివారికి ఆ పత్రంలో చోటు లేదు. ఎకరాలకు, మెగావాట్లకు లెక్క ఉంది. పోయిన పనిదినాలకు గడి లేదు.

పత్రికలు, పరిశోధకులు దీని గురించి రాయకపోలేదు. కూలీలకు పొలం పని, గొర్రెల కాపరులకు మేపు పోయాయని, కాపలా, గడ్డి కోత, పలకలు కడగడం వంటి కొద్ది పనులే దక్కాయని రాశారు. అవన్నీ చదువుకునే వెళ్దాం. కానీ చదివింది వారి నోట చెప్పించడానికి వెళ్లకూడదు.

అడిగే పద్ధతి ముఖ్యం. “సోలార్ వల్ల నష్టపోయారా?” అని అడిగితే మనకు కావలసిన జవాబే వస్తుంది. “పార్కు రాకముందు వేరుశనగ కాలంలో ఎన్ని రోజులు పని దొరికేది? పోయిన నెలలో ఎన్ని రోజులు దొరికింది? ఎక్కడికి వెళ్లారు? కూలి ఎంత?” అని అడగండి. ఆడవాళ్లతో విడిగా కూర్చోండి. భూస్వామి అరుగు మీద కూర్చుని కూలి మనిషిని ప్రశ్నించవద్దు. కౌలు డబ్బుతో అప్పు తీర్చుకున్న చిన్న రైతు ఉంటే అతని మాటా రాసుకోండి. కరువు ముందునుంచే ఉంది. ప్రతి కష్టాన్నీ పార్కు ఖాతాలో వేస్తే మన నివేదికను ఒక్క ప్రశ్నతో కొట్టిపారేస్తారు.

విన్నది కాగితంతో సరిచూడాలి, కాగితాన్ని విన్నదానితో సరిచూడాలి. రెండూ కలవని చోటే మన అసలు పని మొదలవుతుంది. రాసుకున్నది వారికి చదివి వినిపించి, ఒప్పుకున్న తర్వాతే తీసుకురండి. పేర్లు అచ్చు వేయవద్దు. తీర్చలేని హామీ ఇవ్వవద్దు.

1880లో మార్క్స్ ఫ్రెంచి కార్మికుల కోసం సుమారు వంద ప్రశ్నల పట్టిక తయారు చేశాడు. తమ కష్టాన్ని పూర్తిగా వివరించగలిగేది కార్మికులేనన్నది దాని వెనుక ఉన్న నమ్మకం. మన మిల్లులో షిఫ్టుల గురించి, ప్రమాదాల గురించి ఎవరో వచ్చి మేనేజరును మాత్రమే అడిగి వెళ్తే మనం ఒప్పుకుంటామా? క్యాతగానచెర్లు కూలీల విషయంలోనూ అంతే.

కౌలు పత్రంలో లేని మనిషి దగ్గరికే ముందు వెళ్దాం. ఆ మనిషి మాటకు మన నివేదికలో గడి గీద్దాం.