జెస్సోర్ నుంచి ఖుల్నా దాకా
(విజయ్ దివస్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి, "1971 యుద్ధం గురించి ఒక పావుగంట మాట్లాడండి సార్" అన్నారు. నేను మ్యాపు మీద బాణం గుర్తులు గీసిన ఆఫీసర్ని కాను. ఆ గుర్తు వెంబడి పిట్టూ మోసుకుంటూ నడిచిన సిపాయిని. కాబట్టి నేను నడిచిన దారి గురించే చెబుతాను.

మాది గిద్దలూరు దగ్గర పల్లె. మా వైపు మిలిటరీలో మనిషి లేని ఇల్లు వెతుక్కోవాలని మీకు తెలుసు. 1969లో భర్తీ అయ్యాను. వెల్లింగ్టన్‌లో మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌లో ట్రెయినింగు. పక్క ఊరి కుర్రాడొకడు నాతోపాటే భర్తీ అయ్యాడు. చుట్టరికం లేదు, అయినా 'బావా' అంటే 'బావా' అనుకునేవాళ్ళం. ఒకే కంపెనీ, ఒకే సెక్షన్. ఎల్.ఎం.జి.కి వాడు నంబర్ వన్, నేను నంబర్ టూ. అంటే వాడు కాలిస్తే నేను మ్యాగజైన్లు అందించాలి. వాడి పేరు ఇక్కడ చెప్పను. వాళ్ళ ఇంటివాళ్ళు ఉన్నారు. ఈ ప్రసంగం అంతా 'బావ' అనే అంటాను.

1971 మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం తన ప్రజల మీదే కాల్పులు మొదలుపెట్టింది. ఆ తర్వాత సుమారు కోటిమంది మన దేశంలోకి శరణార్థులుగా వచ్చారు. మేము బెంగాల్ సరిహద్దుకి చేరేసరికి రోడ్డు పక్కన ఎక్కడ చూసినా వాళ్ళే. నవంబరు 22న బోయ్రా ఆకాశంలో మన నాట్ విమానాలు సేబర్లను కూల్చాయి. ఆ రోజుల్లోనే మేమూ సరిహద్దు దాటాం. డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు పశ్చిమాన మన విమానాశ్రయాల మీద దాడిచేశాక యుద్ధం బహిరంగమైంది.

మా ఊళ్ళో బావి తవ్వితే నీళ్ళు పడవు. అక్కడ ట్రెంచి తవ్వితే రెండడుగులకే నీళ్ళు. రాత్రంతా మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి, తెల్లవారుజామున పొగమంచులో స్టాండ్-టు. ఎదురుగా ఉన్నది అరటిచెట్టో మనిషో తెలిసేది కాదు. నడక అంతా వరిపొలాల గట్ల మీద. గట్టు దిగితే బురద, గట్టు మీద ఉంటే గుండుకి ఎదురు. కోయాల్సిన వరి అలాగే పండి ఒరిగిపోయి ఉంది. కోసేవాళ్ళు లేరు. కొన్ని ఊళ్ళలో కాలిన ఇంటి స్తంభాలే మిగిలాయి, కుక్కలు కూడా లేవు.

డిసెంబరు 7న మన దళాలు జెస్సోర్ కంటోన్మెంటులోకి అడుగుపెట్టాయి. అక్కడ పెద్ద పోరాటం ఉంటుందనుకున్నాం, లేదు. శత్రువు అప్పటికే ఖాళీచేశాడు. ఒక బ్రిగేడు దక్షిణంగా ఖుల్నా వైపు తగ్గింది. మమ్మల్నీ అటే పొమ్మన్నారు.

జెస్సోర్ నుంచి ఖుల్నా సుమారు 60 కిలోమీటర్లు. దక్షిణానికి పోయేకొద్దీ ఒకవైపు భైరబ్ నది, ఇంకోవైపు బీల్ అనే చిత్తడి, మధ్యలో రోడ్డూ రైలుపట్టాలూ. పక్కకి తిప్పి కొట్టడానికి చోటు లేదు. వాడు కల్వర్టులు పేల్చి, మందుపాతరలు పెట్టి వెనక్కి జరుగుతున్నాడు. మేము ఒక్కొక్క కల్వర్టూ దాటుకుంటూ పోతున్నాం.

ఆ దారిలో నోవాపారాకి కాస్త ఇవతల ఒక ఊరు. అక్కడ బావ నన్ను మోచేత్తో పొడిచి, "బావా, ఈతచెట్లురా!" అన్నాడు. నిజంగానే మన ఈతచెట్లు. వరసగా పదీ పన్నెండు. మనవైపు కల్లు గీస్తారు, అక్కడ చలికాలంలో తెల్లవారుజామున రసం దించి బెల్లం కాస్తారు. జెస్సోర్ ఆ బెల్లానికి పేరుపడిన ప్రాంతం. కానీ అది డిసెంబరైనా ఒక్క చెట్టుకీ కుండ కట్టి లేదు.

ఆ చెట్లు ఒక ముసలాయనవి. మాతో వచ్చిన ముక్తిబాహినీ కుర్రాడికి కాస్త హిందీ వచ్చు, అతనే మాట కలిపాడు. చెట్లెక్కేది ఆయన కొడుకులిద్దరూనట. వానాకాలానికి ముందు సైన్యం, రజాకార్లు కలిసి వచ్చి ఇద్దర్నీ తీసుకుపోయారు. మళ్ళీ రాలేదు. ముసలాయన ఇంట్లోకి పోయి, ఆకులో చుట్టిన బెల్లపుముద్ద తెచ్చి బావ చేతిలో పెట్టాడు. కిందటేడు కొడుకులు కాచిన బెల్లం. ఇంట్లో అదొక్కటే మిగిలింది.

ఊళ్ళలో పుల్ల కూడా ముట్టుకోకూడదని, ఏదైనా కావాలంటే డబ్బిచ్చి తీసుకోవాలని మాకు ఆర్డరు. బావ రూపాయి తీసి ఇచ్చాడు. ఆయన తీసుకోలేదు. చివరికి బావ పిట్టూలోంచి శక్కర్‌పారా పొట్లం తీసి ఇస్తే తీసుకున్నాడు. బెల్లం తినమంటే బావ తినలేదు. "అమ్మకి చూపించాల. ఈతచెట్టుకి బెల్లం గూడా కాస్తాదంటే నమ్మదు" అని పిట్టూలో దాచుకున్నాడు.

ఖుల్నాకి ముందు శిరోమణి దగ్గర వాడు గట్టిగా నిలబడ్డాడు. ఆ పోరాటం గురించి ఎక్కువ చెప్పను. పుస్తకాల్లో ఉంది, చెప్పగలిగినవాళ్ళూ ఉన్నారు. ఒక్క సంగతి మాత్రం చెబుతాను. డిసెంబరు 16 సాయంత్రం ఢాకాలో లొంగుబాటు పత్రం మీద సంతకాలు అయిపోయాయి. మాకు వైర్‌లెస్ మీద కబురు వచ్చింది. అయినా మా ఎదురుగా ఉన్నవాడు ఆపలేదు. ఖుల్నాలో లొంగుబాటు 17న జరిగింది. ఆ మధ్య రాత్రి బావకి మెడ కింద తగిలింది. ఫీల్డ్ డ్రెస్సింగు నేనే పెట్టాను. రెండోది కూడా పెట్టాను. మూడోదాని అవసరం రాలేదు.

దేశమంతా మిఠాయిలు పంచుకుంటున్న రాత్రి అది. ఆ తర్వాత ప్రతి విజయ్ దివస్ నాడూ నాకు పండగ కొంచెం ఆలస్యంగానే మొదలవుతుంది. క్షమించాలి.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న అసలు సంగతికి వస్తాను.

వారం పది రోజుల తర్వాత ఖైదీలను లారీల్లో జెస్సోర్ వైపు తరలించే డ్యూటీ మా ప్లటూన్‌కి పడింది. నోవాపారా దాటాక పేలిపోయిన కల్వర్టు దగ్గర డైవర్షన్. లారీలు బురదలో దిగబడ్డాయి. బరువు తగ్గించడానికి ఖైదీలను దింపాం. క్షణాల్లో జనం మూగారు. కర్రలు, కొడవళ్ళు, చెట్లు గీసే కత్తులు. ఆ గుంపులో ముందు నిలబడ్డది ఆ ముసలాయనే.

సుబేదార్ సాబ్ కేక వేశారు. మేము ఖైదీల చుట్టూ వలయం కట్టాం. వీపు ఖైదీల వైపు, తుపాకి జనం వైపు. ఒక్కసారి ఆలోచించండి. ఎవరిని విడిపించడానికి నీళ్ళలో నిలబడి వచ్చామో వాళ్ళకి ఎదురుగా తుపాకి. బావని చంపినవాళ్ళు నా వీపు వెనక. వాళ్ళకి కాపలా నేను.

ముసలాయన నన్ను గుర్తుపట్టాడు. ఒక వేలు చూపించి "ఎక్టా" అన్నాడు. ఒక్కణ్ణి ఇవ్వు అని. అంతకుమించి ఏమీ అడగలేదు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో పక్కకి జరిగిపోదామనిపించింది. ఒక్క అడుగు చాలు.

జరగలేదు. అది నా గొప్ప కాదు. సుబేదార్ సాబ్ కళ్ళు నా మీద ఉన్నాయి, అంతే.

అప్పుడు ముసలాయన నా పక్కన చూసి, రెండు వేళ్ళు చూపించి, ఇంకొకడేడని అడిగాడు. నేను తల అడ్డంగా తిప్పాను. ఆయనకి అర్థమైంది. చాలాసేపు నన్ను చూశాడు. వీళ్ళని ఎందుకు కాస్తున్నావని నోటితో అడగలేదు, చూపుతో అడిగాడు. నాకు బెంగాలీ రాదు. "హుకుం" అన్నాను. ఆయన కత్తి మొలలో దోపుకుని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. మెచ్చుకుని పోలేదు, క్షమించి పోలేదు. వెళ్ళిపోయాడు. ఆయన వెనకే మిగతా జనమూ మెల్లగా పలచబడ్డారు.

ఆ హుకుం ఏమిటో తర్వాత కంపెనీ కమాండర్ చెబితే తెలిసింది. ఢాకా పత్రంలో జనరల్ అరోరా, లొంగిపోయినవాళ్ళను జెనీవా ఒప్పందాల ప్రకారం గౌరవంగా చూస్తామని మాట ఇచ్చారు. ఆ మాట ఢాకాలో కాగితం మీద ఉంది. దాన్ని నిలబెట్టాల్సింది మాత్రం కల్వర్టు దగ్గర బురదలో ఇరవై ఏళ్ళ సిపాయి. సైనికులు, పౌరులు కలిపి సుమారు 93,000 మందిని మనం అలా కాపాడాం. 1974 ఏప్రిల్ నాటికి వాళ్ళు ఇళ్ళకు చేరారు. మన సైన్యం కూడా 1972 మార్చిలో ఢాకాలో వీడ్కోలు పరేడ్ చేసి తిరిగి వచ్చేసింది. ఇంకొకరి నేల మీదికి పోయి, ఆ ఊరి బెల్లానికి డబ్బివ్వబోయి, పని అయ్యాక వచ్చేసిన సైన్యం మనది. నేను గర్వపడేది దానికి. కానీ ఆ గర్వానికి ఖరీదు కొంత ఆ ముసలాయన కూడా కట్టాడని మరిచిపోను.

సెలవు దొరికాక బావ వాళ్ళ ఇంటికి పోయాను. బెల్లపుముద్ద నా పిట్టూలోనే ఉంది. వాళ్ళమ్మ చేతిలో పెట్టి ఈతచెట్ల సంగతి చెప్పాను. అంతా విని, "వాణ్ణి చంపినోళ్ళు దొరికినారా నాయనా?" అంది.

"దొరికినారమ్మా."

"ఏం జేసినారు?"

"కాపలా పెట్టి, అన్నం పెడతా ఉన్నాం."

ఆమె ఏమీ అనలేదు. బెల్లాన్ని దేవుడిగూట్లో పెట్టి, లోపలికి పోయి నాకు కంచంలో అన్నం పెట్టింది.

యూనిఫారంలో ఉన్న తమ్ముళ్ళకు ఒక్క మాట. శత్రువుకి ఎదురు నిలబడటం ట్రెయినింగు నేర్పిస్తుంది. చేతికి చిక్కినవాడి ముందు నిలబడటం కూడా డ్యూటీయే. ఆ రోజు మీకు వస్తే, పక్కకి ఒక్క అడుగు వెయ్యాలనిపిస్తుంది. వెయ్యకండి.

 జై హింద్.