బీమా పని నేర్చుకునే ఖర్చు ఎవరిది?

(ఇబ్రహీంపట్నంలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీ సంఘాల్లో చాలామంది "బీమా సఖిగా చేరమంటున్నారు, చేరాలా వద్దా?" అని అడుగుతున్నారని, దాని మీద మాట్లాడమని నిర్వాహకులు నన్ను పిలిచారు. బీమా మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి నేను వెళ్ళను. ఆ పని నేర్చుకోవడానికి వచ్చిన స్త్రీకి ఆ రంగం ఏ పేరు పెడుతుంది, ఆమె నేర్చుకునే కాలానికయ్యే ఖర్చు ఎవరి నెత్తిన పడుతుంది అన్నంతవరకే మాట్లాడతాను.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. 2000లో బీమా రంగంలోకి ప్రైవేటు కంపెనీలను రానిచ్చారు. తర్వాత రెండు మూడేళ్ళకి, ఎం.ఏ. అయిపోయి, పరిశోధనలో సీటు కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో నేను ఒక కంపెనీలో శిక్షణకు చేరాను. పేరు అనవసరం. ఏజెంటు కావాలంటే అప్పట్లో వంద గంటల శిక్షణ తీసుకుని పరీక్ష పాసవ్వాలి. మొదటి రోజే ఒక కాగితం ఇచ్చి, తెలిసినవాళ్ళ పేర్లు వంద రాయమన్నారు. అదేదో జ్ఞాపకశక్తి పరీక్ష అనుకున్నాను. మేం అమ్మబోయేది వాళ్ళకేనని సాయంత్రానికి అర్థమయింది. పెళ్ళయినవాళ్ళ కాగితాలు త్వరగా నిండాయి. వాళ్ళకు రెండువైపులా చుట్టాలుంటారు కదా.

నా మొదటి పాలసీ మా మేనత్తతో చేయించాను. పాలు పోసి కూడబెట్టుకున్న డబ్బు. షేర్ మార్కెట్టుతో ముడిపడిన పాలసీ అది. "మూడేళ్ళు కడితే చాలత్తా" అని చెప్పాను. మధ్యలో ఆపితే ఏమవుతుందో చెప్పలేదు. నాకే సరిగ్గా తెలియదు, శిక్షణలో ఒక్క నిమిషంలో దాటేసిన సంగతి అది. మరుసటేడు బర్రె చచ్చిపోయింది, ఆమె కట్టలేకపోయింది. కట్టినదాంట్లో సగం కూడా తిరిగి రాలేదు. నా కమీషను మాత్రం నాకు ముందే ముట్టింది. మొహం చెల్లక చాలాకాలం అటు వెళ్ళలేదు. చివరికి వెళ్తే "పోనీ తియ్యి బిడ్డా, నీకు పనన్నా వచ్చిందా?" అంది. వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగింది. ఆ ప్రశ్నలో ఉన్న లెక్క అర్థం కావడానికి నేను సమాజశాస్త్రం చాలా చదవాల్సి వచ్చింది. నేను పని నేర్చుకోవడానికైన ఖర్చు కంపెనీ పెట్టలేదు, నేనూ పెట్టలేదు. మా అత్త పెట్టింది.

ఈ ప్రాంతంలో "జీతం" అనే మాటకి రెండర్థాలున్నాయి. ఉద్యోగికి నెలనెలా వచ్చేది జీతం. అప్పుకింద దొర దగ్గర ఏళ్ళతరబడి చేసిన చాకిరీ కూడా జీతమే. 1980ల్లో ఇబ్రహీంపట్నం తాలూకా వ్యవసాయ కూలీ సంఘం జీతగాళ్ళ విడుదల కోసం, కనీస కూలి కోసం, భూముల కోసం పోరాడింది. ఆ రోజులు చూసిన పెద్దవాళ్ళు మన ఎదురుగా కూర్చుని ఉన్నారు. ఒక పనిని చట్టం ఏమని పిలుస్తుందన్నది ఉత్త మాటల తగాదా కాదని వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. వెట్టిచాకిరీని నిషేధిస్తూ 1976లో చట్టం వచ్చింది కాబట్టే ఆ కాగితం పట్టుకుని అధికారుల దగ్గరికి వెళ్ళగలిగారు. బీమా పని నేర్చుకునే స్త్రీకి వచ్చేదాన్ని జీతం అనరు, కూలి అనరు. స్టైపెండు అంటారు.

ఆ స్టైపెండు ఒకే సంస్థలో రెండు రకాలుగా ఉంటుంది. 2023 జనవరిలో ఎల్.ఐ.సి. అప్రెంటిస్ డెవలప్‌మెంట్ ఆఫీసర్ల కోసం ప్రకటన ఇచ్చింది. దేశం మొత్తం మీద 9,394 ఖాళీలు, అందులో హైదరాబాదు కేంద్రంగా ఉన్న సౌత్ సెంట్రల్ జోనుకి 1,408. డిగ్రీ ఉండాలి. వయసు 21 నుంచి 30 లోపు, రిజర్వేషను సడలింపులు వేరే. రాతపరీక్ష, ఇంటర్వ్యూ. అప్రెంటిస్ కాలంలో నెలకు సుమారు 51,500 రూపాయల స్టైపెండు. ఆ తర్వాత ప్రొబేషను, నిలబడితే పర్మనెంటు ఉద్యోగం. ఏజెంట్లను తయారుచేయడం, వాళ్ళ చేత వ్యాపారం చేయించడం వీళ్ళ పని.

2024 డిసెంబరు 9న పానిపట్‌లో ప్రధానమంత్రి బీమా సఖి పథకాన్ని ప్రారంభించారు. పదో తరగతి పాసై, 18 నుంచి 70 ఏళ్ళ మధ్య వయసున్న స్త్రీలు చేరవచ్చు. మొదటి ఏడు నెలకు 7,000 రూపాయలు, రెండో ఏడు 6,000, మూడో ఏడు 5,000. కమీషను దీనికి అదనం. మూడేళ్ళ స్టైపెండూ కలిపితే 2,16,000. అప్రెంటిస్ ఆఫీసరుకి అది నాలుగు నెలల పైచిలుకు డబ్బు. చదువులో, పని గంటల్లో తేడా ఉంది కాబట్టి రెండూ సమానంగా ఉండాలని నేను అనడం లేదు. మీరు వయసు చూడండి. 21 నుంచి 30 దాకా మన ఆడపిల్లలు ఏం చేస్తుంటారు? పెళ్ళి, కాన్పులు, పిల్లల్ని బడిలో వేయడం. ఆ ఊపిరాడని పదేళ్ళలోనే యాభై వేల తలుపు తెరిచి ఉంటుంది. ముప్ఫై దాటి కాస్త తెరిపిన పడేసరికి అది మూసుకుపోతుంది. ఏడు వేల తలుపు మాత్రం డెబ్బై ఏళ్ళ దాకా తెరిచే ఉంటుంది. డిగ్రీ ఉన్న బీమా సఖులకు ముందుముందు డెవలప్‌మెంట్ ఆఫీసరు అయ్యే అవకాశం ఉంటుందని పథకం ప్రారంభంలోనే చెప్పారు. కానీ పదో తరగతితో చేరమని పిలిచినవాళ్ళలో డిగ్రీ ఉన్నవాళ్ళు ఎంతమంది ఉంటారు?

ఇక షరతులు. ఏడాదిలో 24 మంది చేత పాలసీలు చేయించాలి. బోనస్ కమీషను కాకుండా, మొదటి సంవత్సరపు కమీషను 48,000 రావాలి. అంటే ఒక్కో పాలసీకి సగటున 2,000 కమీషను. కమీషను పాతిక శాతం అనుకుంటే ఒక్కో పాలసీ మీద ఏడాదికి 8,000 ప్రీమియం కట్టించాలి. మొత్తం 1,92,000 రూపాయలు ఊళ్ళోంచి పోగుచేయాలి. రెండో ఏడు స్టైపెండు కావాలంటే మొదటి ఏడు చేయించిన పాలసీల్లో 65 శాతం ఇంకా నడుస్తూ ఉండాలి. మూడో ఏడుకీ ఇలాగే. మామూలుగా పని వచ్చినకొద్దీ వచ్చే డబ్బు పెరుగుతుంది, ఇక్కడ ఏడాదికో వెయ్యి తగ్గుతుంది. కమీషను పెరిగి ఆ లోటు పూడుతుందన్నది పథకం లెక్క. ఆ లెక్క నిజం కావాలంటే కూలిపని చేసుకునే పొరుగామె ప్రతి కిస్తీ వేళకు కట్టాలి. మంచాలలో వానలు పడక పత్తి పోతే ఆ ఇంట్లో మొదట ఆగేది చీటీయో, ఎల్.ఐ.సి. కిస్తీయో. ఆమె పాలసీ ఆగితే ఈమె స్టైపెండు ఆగుతుంది. నష్టాన్ని పదిమందికీ పంచి ఒక్కరి మీద పడకుండా చూడటమే బీమా సూత్రం అంటారు. నేర్చుకునే మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆ సూత్రం ఎలా తిరగబడిందో చూడండి.

ఏజెన్సీ పని చేసే ఒకామె నాతో అంది: "కిస్తీ నేనే కట్టేస్తా మేడం, పంటలొచ్చినంక ఇస్తది." ఇది ఎంత మామూలయిపోయిందంటే తప్పని ఎవరికీ తోచదు. మన ఆడవాళ్ళ మధ్య చేబదుళ్ళు ఉండేవే. కానీ పాలసీ తీసుకోమని, నడుపుకోమని ఆశపెట్టి కమీషనులో వాటా ఇచ్చినా, ప్రీమియంలో కొంత తగ్గించినా 1938 బీమా చట్టం 41వ సెక్షను కింద నేరం. పది లక్షల దాకా జరిమానా వేయవచ్చు. చేబదులు ఎక్కడ ఆగుతుందో, ఆ సెక్షను ఎక్కడ మొదలవుతుందో ఆమెకు విడమరిచి చెప్పినవాళ్ళు లేరు. షరతు పెట్టినవాళ్ళు దూరంగా ఉంటారు, చిక్కుకునేది చివర్న ఉన్న మనిషే.

చట్టం ఏమంటుంది? అప్రెంటిస్‌ల కోసం 1961లో ఒక చట్టం వచ్చింది. దాని 18వ సెక్షను ప్రకారం అప్రెంటిస్ శిక్షణ పొందే వ్యక్తే తప్ప కార్మికుడు కాదు, కార్మిక చట్టాలు వర్తించవు. అయినా ఒప్పంద పత్రం, కనీస స్టైపెండు ఆ చట్టంలో ఉన్నాయి. బీమా రంగంలో కథ ఇంకోలా నడిచింది. 1983లో ఎస్.కె. వర్మ కేసులో సుప్రీంకోర్టు డెవలప్‌మెంట్ ఆఫీసరు కార్మికుడేనంది. 1994లో మందుల కంపెనీల ప్రతినిధుల కేసులో కోర్టు మరో దారి పట్టింది. 2004లో ముఖేశ్ త్రిపాఠి కేసులో అప్రెంటిస్ డెవలప్‌మెంట్ ఆఫీసరు పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం కార్మికుడు కాడని తేల్చేసింది. (తీర్పులన్నీ "కార్మికుడు" అనే రాస్తాయి, అది మరో ప్రసంగం.) యాభై వేల స్టైపెండు పదవికే ఆ గతి పడితే బీమా సఖి మాటేమిటి? ఈ నియామకాన్ని సంస్థలో జీతం ఉద్యోగంగా భావించరాదని పథకం నిబంధనల్లోనే ఉంది. ఆమె ఉద్యోగి కాదు, చట్టం చెప్పే అప్రెంటిస్ కూడా కాదు. శిక్షణ, గడువు, షరతులు మాత్రం అప్రెంటిస్‌వే.

పథకంలో నాకు నచ్చిన నిబంధన ఒకటుంది. ఇప్పటికే ఏజెంట్లుగా, ఉద్యోగులుగా ఉన్నవాళ్ళ దగ్గరి బంధువులు చేరకూడదు. భార్య పేరుమీద ఏజెన్సీ, భర్త చేతిలో లెక్కలు – ఇది మనం ఎన్ని ఇళ్ళలో చూడలేదు!

ఇంకో సంగతి. మన స్త్రీలు బీమా పనికి కొత్తవాళ్ళేం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో మహిళా సమాఖ్యల్లో బీమా మిత్రలు ఉండేవారు. ఇంట్లో ఎవరైనా చనిపోయారని కబురందితే అదే రోజు వెళ్ళి, దహన ఖర్చులకు 5,000 రూపాయలు చేతిలో పెట్టేవాళ్ళు. మరణ ధ్రువీకరణ పత్రం తెప్పించడం, నామినీ పేరులో తప్పుంటే దిద్దించడం, క్లెయిము కాగితాలు పంపడం అన్నీ వాళ్ళే. 2007 అక్టోబరు 2న మొదలైన ఆమ్ ఆద్మీ బీమాలో మామూలు మరణానికి 30,000, ప్రమాదానికి 75,000 వచ్చేవి. ఆ కొద్ది డబ్బు వితంతువు చేతికి చేరేలా చూసింది ఈ స్త్రీలే. 2018 రైతుబీమాలోనూ అయిదు లక్షలు పట్టా ఉన్న రైతు చనిపోతేనే వస్తాయి. మన వైపు ఆడవాళ్ళలో చాలామందికి పట్టా లేదు కాబట్టి వాళ్ళు నామినీలుగానే బీమా గడప తొక్కుతారు. చావింట్లో కూర్చుని కాగితం రాయడం ఎంత నేర్పున్న పనో చేసినవాళ్ళకు తెలుసు. ఆ నేర్పును సేవ అన్నారు, పాలసీ అమ్మడాన్ని వృత్తి అంటున్నారు. బీమా సఖి 24 పాలసీలను లెక్కపెడతారు. ఆమె ఇప్పించిన క్లెయిములను లెక్కపెట్టే గడి ఎక్కడా లేదు.

నా అభిప్రాయం చెప్పమంటే, మొదటి ఏడాది స్టైపెండుకి అమ్మకాలతో సంబంధం ఉండకూడదు. అది నేర్చుకునే కాలం. క్లెయిము పని కూడా షరతుల్లో లెక్కకు రావాలి. కరువుకో జబ్బుకో ఆగిన పాలసీని ఆమె ఖాతాలో తప్పుగా రాయకూడదు. ఇవి సంఘాలుగా రాతపూర్వకంగా అడగాల్సినవి. ఒక్కొక్కరుగా బ్రాంచికి వెళ్ళి అడిగితే పని కాదు.

చేరాలనుకున్నవాళ్ళు చేరండి, నెలకు ఏడు వేలు ఎవరికీ చులకన కాదు. అయితే నియామక పత్రం తెలుగులో ఇవ్వమని అడగండి. జబ్బుపడినా, కాన్పుకి వెళ్ళినా ఆ నెలల స్టైపెండు ఏమవుతుందో సంతకానికి ముందే అడగండి. పేర్ల జాబితా రాయమన్నప్పుడు, ఎవరు మూడేళ్ళు ఆగకుండా కట్టగలరో వాళ్ళవే రాయండి, మేనత్తను కాస్త ఆలస్యంగా రాయండి. వెనక వరసలో ఆ పని చేస్తున్నవాళ్ళు ముగ్గురు ఉన్నారని విన్నాను. నాకంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు. మైకు వాళ్ళకిద్దాం.