పొడవైన వ్రేళ్లు, బలహీనమైన ధమని

మన యింట నొక బాలుడు సన్నగా, తాటిచెట్టువలె ఎదిగినచో మనము ముచ్చటపడుదుము. పొడగరితనము దోషము కాదు. అయినను కొన్ని కుటుంబములలో అది యొక వంశపారంపర్య వ్యాధికి గురుతు కావచ్చును. 1896లో పారిస్ నగర శిశువైద్యుడు ఆంత్వాన్ మార్ఫాన్ అయిదేండ్ల బాలికయొక్క అతిదీర్ఘములైన కాలుసేతులను, వ్రేళ్లను వర్ణించెను. ఆయన పేరే యీ వ్యాధికి నిలిచినది.

గోడలోని యిటుకలను సున్నము పట్టియుంచినట్లు, మన యవయవములను పట్టియుంచు కణజాల మొకటి కలదు. సాగి, మరల యథాస్థితికి వచ్చు గుణము దానికి కలుగుటకు ఫిబ్రిలిన్ అను మాంసకృత్తు అవసరము. ఆ మాంసకృత్తును గూర్చిన జన్యువులోని లోపమే వ్యాధికి మూలమని 1991లో తేలినది. రమారమి 5,000 మందిలో నొకరికి ఇది యుండును. తల్లికిగాని తండ్రికిగాని యున్నచో, ఆడయైనను మగయైనను ప్రతి బిడ్డకును సంక్రమించు నవకాశము సగపాలు. నాలుగవవంతు మందికి తలిదండ్రులలో లేకయే క్రొత్తగా కలుగును.

ఈ కణజాలము దేహమంతట నుండుటచే బాధలును పలుచోట్ల పొడసూపును. కంటిలోని కటకము స్థానము తప్పును. వెన్నెముక ప్రక్కకు వంగును. రొమ్ముటెముక లోనికి గ్రుంగును, లేదా ముందునకు పొడుచుకొనివచ్చును. వీనిని మించిన యపాయము బృహద్ధమనికి కలదు. గుండె కొట్టుకొన్నప్పుడెల్ల రక్తపు వత్తిడికి అది కొంచెము కొంచెముగా వెడల్పై, తుదకు చీలిపోవచ్చును.

అమెరికా వాలీబాల్ క్రీడాకారిణి ఫ్లో హైమన్ 1984 ఒలింపిక్ క్రీడలలో రజతపతకము నందిన జట్టులోనిది. 1986 జనవరిలో జపానునందు ఆట నడుమ కూలి, 31వ యేట మరణించినది. వ్యాధి సంగతి పిమ్మటనే తెలిసినది. ఆపై ఆమె సోదరుని పరీక్షింపగా అతనికిని వ్యాధి కనబడినది, శస్త్రచికిత్స జరిగినది. ఒకరి మరణము మరియొకరికి హెచ్చరిక యైనది.

అట్టి హెచ్చరికకై మనము వేచియుండ నక్కరలేదు. చాచిన చేతుల కొలత ఎత్తును మించి, చూపు మందగించి, వెన్ను వంగిన బిడ్డను, అందును కుటుంబములో చిన్నవయసున గుండెజబ్బుతో హఠాన్మరణ మున్నచో, వైద్యునకు చూపవలెను. ఎకోకార్డియోగ్రాము పరీక్ష నొప్పిలేకుండ ధమని వెడల్పును తెలుపును. వ్యాధిని సమూలముగా పోగొట్టు మందు లేదు. కాని ధమనిపై భారమును తగ్గించు మందులును, చీలకమునుపే దానిని మార్చు శస్త్రచికిత్సయు కలవు. ఇట్టివారు బరువులెత్తుట, పోటీ ఆటలు మానవలెను. గర్భము ధరింపనెంచిన స్త్రీలు ముందుగనే వైద్యుని సంప్రదింపవలెను. రొమ్మునగాని వీపునగాని హఠాత్తుగా చీల్చునట్టి నొప్పి కలిగినచో క్షణమైన జాగు చేయరాదు.

బిడ్డ యెత్తును గోడపై గీతగీసి చూచు మనము, ఒకసారి వాని గుండెను గూర్చియు విచారింతము.