ఆన్‌లైను వస్త్రవిక్రయమునందు వాపసు తగవులు

(కొత్తగూడెమున కులసభయందు చేసిన యుపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, వసతిగృహమును గూర్చియు ప్రసంగించుటకు మాకంటె సమర్థులు ఈ సభలో పెక్కురు గలరు. మాకు తెలిసినది బట్టలబేర మొక్కటే. కావున కార్యదర్శిగారు మమ్ము మాటాడుమని కోరినప్పుడు, మన యిండ్లలో నిప్పుడు తఱచుగా వినవచ్చు మొఱ నొకదానినే విషయముగా గైకొంటిమి. "పంపిన చీర తిరిగి వచ్చినది, సొమ్ము పోయినది" అనునదే యా మొఱ.

కొత్తగూడెము బొగ్గుగనుల పట్టణము. సింగరేణి సంస్థయొక్క ప్రధానకార్యాలయ మిచ్చటనే యున్నది. మన పెద్దలలో కొందఱు మగ్గము విడిచి గనిలోనికి దిగిరి. కొందఱు వస్త్రముల యంగళ్లు పెట్టిరి. మేము రెండవ తెగవారము. దసరాకు లాభములవాటాయు, దీపావళికి బోనసును కార్మికుల చేతికి వచ్చు దినములనుబట్టియే మా దుకాణమునకు సరుకు దిగుచుండెడిది. కొన్నవాడు మఱునాడు తిరిగి వచ్చి, రంగు ఇంటిదానికి నచ్చలేదనెనేని, మడత విప్పి చూచి, వేఱొకటి యిచ్చి పంపెడివారము. అతడే గనిలో నే షిఫ్టున పనిచేయునో మాకెఱుక, మేమెవరమో యతనికెఱుక. అందుచేత తగవు మాటతోనే తీరిపోయెడిది.

నేడు మా కోడలు ఫోనులో చూపిన చీరను, ఎన్నడును మొగమెఱుగని యొకామె యెక్కడనో కూర్చుండి కొనుచున్నది. నడుమ నొక యంగడిసంస్థ, యొక కొరియరు. తగవు తీర్చువాడు మనలను చూడడు, చీరను ముట్టడు. అతడు చూచునది చిత్రములు, వీడియోలు, తేదీలు మాత్రమే. ఈ భేదమును గ్రహింపక, పాత యంగడిలో వలె నోటిమాటతో నెగ్గుకొని రాజూచుటయే మన నష్టములలో పెక్కింటికి మూలమని మా యనుభవము చెప్పుచున్నది.

ఆ యనుభవము మాకు చవుకగా రాలేదు. ఒక దసరాకు ముందు పట్టుచీర యొకటి 8,400 రూపాయలకు అమ్ముడుపోయినది. పదిదినములకు వాపసు వచ్చినది. పండుగసందడిలో నెవరును దానిని విప్పలేదు; ఎనిమిది దినములు మూలనే పడియుండెను. తుదకు విప్పిచూడగా లోపల నున్నది మా చీర కాదు. ఫాలు కుట్టి, కొంగున పసుపు మరక పడిన పాతచీర! వెంటనే ఫిర్యాదు వ్రాసితిమి. రుజువేదని యడిగిరి. కట్ట విప్పునప్పుడు వీడియో తీయలేదు, పంపునప్పుడును తీయలేదు. అదియునుగాక ఫిర్యాదు చేయవలసిన గడువు దాటినదని త్రోసివేసిరి. ఆ చీరకు పెట్టుబడి మా కోడలు చిట్టీ పాడి తెచ్చిన సొమ్ము. ఆమె సొమ్ముకొఱకు ఏడ్వలేదు. "మనమే పాతచీర చూపి బొంకుచున్నామని వారు తలచుచున్నారు గదా, మామయ్యా!" అని యేడ్చినది. నాటినుండి రెండు నెలలు ఫోనులో సరుకు పెట్టుటయే మానివేసినది.

తిరిగి మొదలుపెట్టినప్పుడు పద్ధతి మార్చితిమి. పంపునప్పుడు చీరను బల్లపై పఱచి, అంచు, కొంగు, వెనుకవైపు కనబడునట్లు, కట్టపై నంటించు చీటి సంఖ్యతో సహా, ఎచ్చటను త్రెంపక నొకే వీడియో తీయుదుము. కట్టను తూచి, ఆ తూకమును కూడ చూపుదుము. వాపసు వచ్చిన కట్టను వచ్చిననాడే, చీటి చూపుచు, కత్తి పెట్టకమునుపే వీడియో ప్రారంభించి విప్పుదుము. గడువు సంస్థ సంస్థకు వేఱుగా నుండును. కొన్ని దినములే యుండును. దానిని గోడమీద వ్రాసిపెట్టితిమి.

ఇంకొకటి మా కులపువారికి సులభముగా బోధపడు నుపాయము. ప్రతి చీరకును లోపలి చెఱగు మూలన, కట్టినప్పుడు కానరానిచోట, రెండు పోగుల రంగుదారముతో నొక చిన్న గుఱుతు కుట్టుదుము. ఆ గుఱుతుయొక్క చిత్రము మాయొద్ద నుండును. మఱుసటి యేడు ఇటువంటి మాఱుచీరయే యొకటి వచ్చినది. గుఱుతు లేదు, తూకము సరిపడలేదు, రెండు వీడియోలు ఉన్నవి. సొమ్ము తిరిగి వచ్చినది. వ్రాసిన యుత్తరములో కోపపుమాట యొక్కటియు లేదని కూడ చెప్పవలయును. తేదీ, సంఖ్య, తూకము, చిత్రము - ఇంతమాత్రమే.

అయినను కొన్నవారందఱును మోసగాండ్రని తలచుట గొప్ప పొరపాటు. ఒకనాడు కూర్చుండి వాపసుల పుస్తకమంతయు తిరుగవేసితిమి. చీర మార్చి పంపినవారు ఇద్దఱే. తక్కిన వానిలో చాలవఱకు తప్పు మాదిగనే తోచినది. విద్యుద్దీపము క్రింద తీసిన చిత్రములో నెఱ్ఱరంగు మెఱుగెక్కి కనబడినది. అందుకే యిప్పుడు ఉదయపు వెలుతురులో, గడపయొద్ద తీయుచున్నాము. (మా వాడలో బొగ్గుపొడిచే నారుబయట తెల్లబట్ట పఱచుటకు వీలులేదు, అది వేఱు కథ.) రవికగుడ్డ కలిసి పొడవా, విడిగానా యని వ్రాయలేదు. కుట్టిన దుస్తులకు ఛాతికొలత అంగుళములలో నీయక, పెద్దది చిన్నదని మాత్రమే వ్రాసితిమి. చేనేతలో నక్కడక్కడ ముడి తగులునని, నేతలో స్వల్పమైన హెచ్చుతగ్గు లుండునని, మొదటిసారి విడిగా నుతుకవలెనని ముందుగా చెప్పలేదు. చెప్పియుండిన నవి గుణములుగా నెంచబడెడివి, చెప్పకపోవుటచే లోపములైనవి.

ఒక తగవు మాత్రము నేటికిని మమ్ము తలదించుకొనజేయుచున్నది. టోకువర్తకుని మాట నమ్మి, పోచంపల్లి చేనేత యని వ్రాసి యొక చీర నమ్మితిమి. కొన్నామె ఉపాధ్యాయిని. "అయ్యా, చిటికి నేతలో నూలునకే ముందుగా రంగు పట్టింతురు గదా, రెండువైపులను చిత్రము సమానముగా నుండవలయును గదా, దీని వెనుకవైపు వెలవెలబోవుచున్నదేమి?" అని వ్రాసినది. తీసి చూచితిమి. మరమగ్గపు గుడ్డపై నచ్చు వేసినది! మగ్గము పుట్టినింట పుట్టి మేము చూడనిదానిని, మన కులము కాని యామె చూచినది. సొమ్మును, రెండుమార్ల కొరియరు ఖర్చులను చెల్లించి క్షమాపణ వేడితిమి.

ఈ మాట పోషకులలో కొందఱకు రుచింపకపోవచ్చును, అయినను దాచము. మరమగ్గపు సరుకును చేనేత యని పేరుపెట్టి యమ్మువారు మనలోను గలరు. కొన్ని రకముల వస్త్రములను చేమగ్గమునకే ప్రత్యేకించుచు 1985లో శాసనమైనది. చేనేత ముద్ర 2006లో వచ్చినది. పోచంపల్లి ఇకత్తుకు భౌగోళిక గుర్తింపు గలదు. ఇవి యన్నియు నేతగాని కూటికొఱకై యేర్పడినవి. అట్టి సరుకు వాపసు వచ్చినప్పుడు దానిని తగవనుట యెట్లు?

ఇక చట్టము. 1930వ సంవత్సరపు వస్తువిక్రయ శాసనమే, వర్ణించి యమ్మిన సరుకు వర్ణనకు సరిపోవలెనని విధించినది. ఫోనులోని చిత్రమును, క్రింది వ్రాతయు నేటి వర్ణన. "అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు" అని మన యంగళ్లలో వ్రేలాడు పలక మనలను కాపాడదు. లోపముగల సరుకును, బిల్లులో వ్రాసిన గడువులోపలను, గడువు వ్రాయనిచో 30 దినములలోపలను తిరిగి తీసుకొన నిరాకరించుట 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము ప్రకారము అక్రమవ్యాపారము. 2020లో వచ్చిన ఇ-కామర్సు నియమములు, సరుకు చెడినదైనను, ప్రకటించినట్లు లేకున్నను, చెప్పిన గడువునకు చేరకున్నను, అమ్మకందారు వాపసు నిరాకరింపరాదని చెప్పుచున్నవి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెలలోపల పరిష్కరింపవలయును. కొన్నవారు తాము నివసించుచోటనే వాజ్యము వేయవచ్చును. అనగా విశాఖపట్టణమందలి యామెకు మనము విశాఖలో జవాబు చెప్పుకొనవలసియుండును. ఏ లోపమును లేక, కేవలము మనసు మారినందున తిరిగి పంపుటకు మాత్రము చట్టము మనలను నిర్బంధింపదు. అచ్చట మన మొప్పుకొన్న సంస్థనిబంధనయే ప్రమాణము. ఆ నిబంధనలను చదువక వ్రేలు నొక్కువారమే మనమందఱము.

వాట్సాపులో నేరుగా నమ్ము సోదరీమణులకు నడుమ తీర్పరి యుండడు. వారు సొమ్ము పుచ్చుకొనకమునుపే, ఎన్నిదినములలో వాపసు, కొరియరు ఖర్చెవరిది యను రెండు ముక్కలు వ్రాసి, అవతలివారిచే సమ్మతి వ్రాయించుకొనుట మంచిది.

భోజనానంతరము, అధ్యక్షులవారి యనుమతితో, మా కోడలు మంటపము తూర్పుప్రక్కన బల్ల వేసి, కట్ట కట్టుట, గుఱుతు కుట్టుట, ఫిర్యాదు వ్రాయుట చూపగలదు. వాపసు తగవులు తెగక యున్నవారు ఫోనులతోను, కాగితములతోను రండు. పసుపు మరక పడిన యా పాతచీర యిన్నాళ్లును మా బీరువాలోనే యున్నది. దానిని కూడ తెచ్చినాము.