అసాధ్యాన్ని ఊహించడం ఎలా?

జరగడానికి వీలే లేని విషయం గురించి సక్రమంగా ఆలోచించగలమా? ఈనాటి ప్రసంగంలో ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

మన ప్రాచీన తార్కికులు లేనివాటికి రెండు ఉదాహరణలు చెప్పేవారు. ఒకటి కుందేటి కొమ్ము, రెండవది వంధ్యాపుత్రుడు, అనగా బిడ్డను కనని స్త్రీ కన్న కొడుకు. ఈ రెండూ ఒకటి కావు. కొమ్మున్న కుందేలు బొమ్మను మీరు గీయగలరు; అందులో వైరుధ్యం లేదు. రెండవదానిలో మాత్రం మాటే మాటను ఖండిస్తోంది. మొదటిది లేనిది, రెండవది ఉండటానికి వీల్లేనిది.

ఇప్పుడు గణితంలోకి వద్దాం. గుర్తులు లేని స్కేలు, వృత్తలేఖిని మాత్రమే ఉపయోగించి, ఇచ్చిన వృత్తంతో సమాన వైశాల్యం గల చతురస్రాన్ని గీయాలి. ఇది గ్రీకుల నాటి సమస్య. ఆంగ్ల తత్త్వవేత్త థామస్ హాబ్స్ దీన్ని సాధించానని 1655లో ప్రకటించాడు. ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ వాలిస్ అందులోని తప్పులు చూపాడు. చివరకు 1882లో లిండెమన్ 'పై' స్వభావాన్ని నిరూపించడంతో ఆ నిర్మాణం అసాధ్యమని తేలింది.

ఈ రెండు వాక్యాలు చూడండి. "హాబ్స్ సాధించి ఉంటే వాలిస్ వాదంలో ఓడిపోయేవాడు." "హాబ్స్ సాధించి ఉంటే చంద్రుడు రెండు ముక్కలయ్యేవాడు." మొదటిది సబబుగా, రెండవది అర్థం లేనిదిగా తోస్తుంది. కాని 1973లో డేవిడ్ లూయిస్ వివరించిన పద్ధతిలో రెండూ నిజమే! ఆ పద్ధతిలో, షరతు నెరవేరిన సాధ్యలోకాలలో మన లోకానికి దగ్గరివాటిని చూస్తాం. ఇక్కడ అలాంటి సాధ్యలోకం ఒక్కటీ లేదు. ఒక్క విద్యార్థీ లేని తరగతిలో "అందరూ ఉత్తీర్ణులే" అంటే ఎవరూ కాదనలేరు కదా!

అందుకే కొందరు తార్కికులు అసాధ్యలోకాలను కూడా లెక్కలోకి తీసుకున్నారు. ఇవి ఎక్కడో ఉన్న గ్రహాలు కావు. నిజం కాజాలని వర్ణనలు అనుకోండి. వాటిలోనూ దగ్గర, దూరం ఉంటాయి. వాలిస్ ఓడిన లోకం మనకు దగ్గర, చంద్రుడు పగిలిన లోకం దూరం. టిమొతీ విలియమ్‌సన్ వంటివారు దీన్ని అంగీకరించక పాత పద్ధతినే సమర్థిస్తున్నారు.

దీనివల్ల ప్రయోజనమేమిటి? 1859 నాటి రీమన్ ప్రతిపాదన ఇంకా తేలలేదు. "అది నిజమైతే" అంటూ గణితవేత్తలు ఎన్నో ఫలితాలు రాబట్టారు. రేపు అది తప్పని తేలితే వారంతా అసాధ్యలోకంలో నడిచినట్టే. అయినా వేసిన ప్రతి అడుగూ తర్కబద్ధమే.

హాబ్స్ దోషం అసాధ్యాన్ని ఊహించడంలో లేదు. తప్పు చూపినా, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనడంలో ఉంది. మీరు ధైర్యంగా ఊహించండి, ప్రతి మెట్టూ సరిచూసుకోండి.

చివరగా ఒక ప్రశ్న. రూట్ 2 కరణీయ సంఖ్య అని నిరూపించేటప్పుడు "అకరణీయమని అనుకుందాం" అని మొదలుపెడతాం. అలా అనుకున్న లోకం ఎలాంటిది? ఆలోచించండి.